కరగలేదని రాసిన మేష్టారు

మా అమ్మ ఒంటరిగా రైలెక్కడం నేను ఎన్నడూ చూడలేదు. మొన్న శ్రావణమాసంలో ఒకనాడు, విజయనగరంలో నేను పాఠం చెప్పే బడికి ఆవిడ ఒక్కతే వచ్చింది. చేతిలో సంచీ లేదు, గొడుగూ లేదు. వరండాలో నన్ను చూసి, కుశలప్రశ్నలేవీ లేకుండా, "మేష్టారు పోయారే. తెల్లారగట్ట. పదకొండు దినాల జ్వరం," అంది. "ఉత్తరం రాస్తే రేపో ఎల్లుండో వస్తాది. అందుకని నానే వచ్చేసినాను. రేపు పొద్దుట సమాధి సేస్తారట. బేగి బయల్దేరు."

మా అమ్మ ఆయనతో తన జన్మలో నాలుగు మాటలు మాట్లాడి ఉండదు. అయినా ఆ కబురు ఇంకొకరి చేత పంపడానికి ఆవిడకి మనసొప్పలేదు.

ఇది సంతాపసభలో చదివే వ్యాసం కాదని పాఠకులకు ముందే చెప్పాలి. ఆ సభ అయిపోయింది. మేష్టారు పోయిన వారానికి మా ఊరి హైస్కూల్లో జరిగింది. స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారు లేచి, పోయినాయన శాంతమూర్తి అనీ, ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదనీ, పెద్దల మాట జవదాటలేదనీ చెప్పారు. అందరూ తలలూపారు. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. ఆయన శాంతమూర్తి కారు. పెద్దల మాట జవదాటారు. జవదాటినందుకు ఆ స్కూలే, ఆ ప్రెసిడెంటుగారి సంతకంతోనే, ఆయన్ని తీసేసింది. పోయిన మనిషిని మంచివాణ్ణి చేసే తొందరలో ఆయన చేసిన పని చెరిపేస్తే నేను ఊరుకోను.

మా ఊరి పేరు రాయను. ఆమదాలవలసలో రైలు దిగి బండి కట్టించుకుంటే గంట ప్రయాణం. మా నాన్నకి బజారులో కిరాణా కొట్టు ఉండేది, యుద్ధం రోజుల్లో దానికే రేషను డిపో కూడా వచ్చింది. హైస్కూల్లో మా క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. గోడవారన మాకో బెంచీ వేరుగా వేసేవారు. మేష్టారు సైన్సు చెప్పడానికి వచ్చిన మొదటి రోజే ఆ బెంచీ లాగి ముందుకు వేయించారు. "పదార్థాన్ని సూడాలంటే దగ్గరకి రావాల," అన్నారు, అంతే.

ఆయన పొట్టి మనిషి. మోచేతుల దగ్గర అతుకులు పడిన కోటు ఒకటి, అది వేసవిలో కూడా వదిలేవారు కాదు. వాళ్ళది మిషను చర్చి కుటుంబం. భార్య మిషను డిస్పెన్సరీలో నర్సు. స్కూల్లో సైన్సు సామాను ఒక బీరువాలో ఉండేది. బీరువా తాళం హెడ్‌మాస్టరుగారి దగ్గర ఉండేది. గాజుసామాను పగులుతుందని ఆయన ఇచ్చేవారు కాదు. మేష్టారు రెండుసార్లు అడిగారు, మూడోసారి అడగలేదు. ఇంటి నుంచి గ్లాసులు, ఇత్తడి పళ్ళెం, కుంపటి పట్టుకుని వచ్చారు.

పాఠం ఊరి మాటలోనే చెప్పేవారు. "పదార్థమంటే ఏటి? సోటు ఆక్రమిస్తాది, బరువుంటాది. ఈ రెండూ ఉంటే పదార్థం. మీ ఊపిరి కూడా పదార్థమే." ఎవరో నవ్వితే, ఖాళీ గ్లాసు బోర్లించి బకెట్టు నీళ్ళలోకి నొక్కి, లోపలికి నీళ్ళు ఎందుకు ఎక్కడం లేదో చెప్పమనేవారు. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకాయన, శిష్టభాషలో చెప్పకూడదా అని అడిగారట. "శిష్టంగా సెప్పినా ఉప్పు ఉప్పగానే ఉంటాదండి," అన్నారట మేష్టారు. ఈ మాట హెడ్‌మాస్టరుగారే కోపంగా బజారులో చెబితే మాకు తెలిసింది.

ఒకరోజు కర్పూరం తెచ్చారు. చర్చికి వెళ్ళే మనిషి కర్పూరం పట్టుకొచ్చాడని వెనక బెంచీలు కిసకిసలాడాయి. "కర్పూరానికి మతం లేదు, వాసనుంది," అని, దాన్ని గిన్నెలో వేసి కుంపటి మీద పెట్టి, పైన చన్నీళ్ళు పోసిన ఇత్తడి పళ్ళెం మూతపెట్టారు. మంట తగలనివ్వలేదు, సెగ మాత్రమే తగిలింది. కాసేపటికి పళ్ళెం తీసి తిరగేస్తే అడుగున తెల్లగా, మంచులా పట్టి ఉంది. "కరిగి నీరైందా? అవలేదు. గట్టిది తిన్నగా ఆవిరైంది, ఆవిరి తిన్నగా గట్టిదైంది. అయినా కర్పూరం కర్పూరమే. ఇప్పుడు దీన్ని ముట్టించానంటే మసీ పొగా వస్తాయి. వాటి నుంచి మళ్ళీ కర్పూరం రాదు." మార్పు జరిగిన ప్రతిచోటా రెండు ప్రశ్నలు అడగమనేవారు. వెనక్కి వస్తాదా అన్నది మొదటిది. కొత్త పదార్థం పుట్టిందా అన్నది రెండోది. రెండోదే అసలుదని, మొదటిది ఒక్కోసారి మోసం చేస్తుందని చెప్పేవారు.

ఆయన మాకు పెట్టిన కట్టుబాటు మరొకటుంది. పరిశీలన పుస్తకంలో ఎడమ పేజీ, కుడి పేజీ. "సూసింది ఎడం పక్క రాయండి. అనుకున్నది కుడి పక్క రాయండి. రెండూ కలిపీసేరంటే ఇక మిమ్మల్ని ఆ దేవుడు కూడా విడదియ్యలేడు."

ఫిఫ్త్ ఫారంలో మిశ్రమాల పాఠం వచ్చింది. శుద్ధమైన పదార్థమని ఎవరికి ఏది తోస్తే అది ఇంటి దగ్గర నుంచి పొట్లం కట్టి తెమ్మన్నారు. ఒకడు ఉప్పు తెచ్చాడు. ఒకడు బాణాసంచా చేసే ఇంటి నుంచి గంధకం తెచ్చాడు. కమ్మరి వాళ్ళ అబ్బాయి ఇనప రజను తెచ్చాడు. నేను పంచదార తేవాలనుకున్నాను. వంటింట్లో డబ్బా అమ్మ ఇవ్వలేదు, పండక్కి దాచిందట. అందుకని బడికి వెళుతూ కొట్లోకి దూరి, రేషను బస్తాలోంచి పిడికెడు తీసి పొట్లం కట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, గర్వంగానే తీసుకెళ్ళాను. ఆ రోజుల్లో పంచదార కళ్ళచూడడమే గొప్ప.

మేష్టారు నా పొట్లం ముందుగా అందుకున్నారు. గ్లాసు నీళ్ళలో వేసి నా చేతే కలిపించారు. కలిపాను. అడుగున తెల్లగా మిగిలింది. ఇంకా నీళ్ళు పోశారు. మళ్ళీ కలిపాను. నీళ్ళు వేడి చేసి పోశారు. అడుగున అది అలాగే ఉంది. గుడ్డలో వడకట్టి, మిగిలినదాన్ని కాగితం మీద పరిచి, ఆరాక తన భార్య డిస్పెన్సరీ నుంచి తెచ్చిన టింక్చర్ అయొడిన్ ఒక చుక్క వేశారు. గోధుమరంగు మందు పడినచోట గింజలు నీలంగా, నల్లగా తిరిగాయి.

"ఇదేటి?" అన్నారు.

కమ్మరి వాళ్ళ అబ్బాయి ముందుకు వంగి చూసి, "నూక బాబూ. సన్న బియ్యం నూక," అన్నాడు.

క్లాసంతా నా వైపు చూసింది. ఆ పంచదార ఏ కొట్టుదో తెలియనివాడు అక్కడ లేడు. వాళ్ళందరి ఇళ్ళలోనూ అదే పంచదార. నాకు చెవులు కాలిపోయాయి. మేష్టారికి కూడా అప్పుడే తట్టిందనుకుంటాను, ఒక క్షణం ఆగారు. తరువాత మామూలు గొంతుతోనే, "ఎడం పేజీలో రాయండి. తెచ్చిన నమూనాలో కొంత కరిగింది. కొంత కరగలేదు. కరగనిది అయొడిన్‌తో నీలమైంది. ఎవరి కొట్టుదో రాయొద్దు. అది మనం సూడలేదు," అన్నారు.

నేనూ రాశాను.

ఇంటికొచ్చి, అమ్మ వారిస్తున్నా వినకుండా వంటింటి డబ్బాలో పంచదార ఒక చెంచా తీసి నీళ్ళలో కలిపాను. అంతా కరిగిపోయింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. అమ్మ గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏటే అది?" అంది. చెప్పాను. నేను పెరటి దారిన గోడౌనుకి వెళ్ళాను. మా నాన్న చాప మీద కూర్చుని ఉన్నారు. ఒకపక్క పంచదార రాశి, ఒకపక్క నూక రాశి. మోచేతుల దాకా రెండు చేతులూ పెట్టి కలుపుతున్నారు. నన్ను చూశారు. కలపడం ఆపలేదు.

మర్నాడు హెడ్‌మాస్టరుగారి గదికి నన్ను పిలిచారు, పరిశీలన పుస్తకం తెమ్మన్నారు. లోపల హెడ్‌మాస్టరుగారు, ప్రెసిడెంటుగారు, మా నాన్న కూర్చుని ఉన్నారు. మేష్టారు నిలబడి ఉన్నారు.

"యుద్ధం నడుస్తోంది మేష్టారూ," అన్నారు ప్రెసిడెంటుగారు. "సరుకుల మీద పుకార్లు పుట్టిస్తే జైలు. తెలుసునా మీకు?"

"తెలుసండి. కానీ పుకారు గ్లాసు అడుక్కి దిగదండి. ఇది దిగింది."

మా నాన్న మెత్తగానే మాట్లాడారు. ఆయన అరిచే మనిషి కాదు. "నానేటీ గొడవ సెయ్యను మేష్టారూ. ఆ పేజీ ఒక్కటి సింపించీయండి. పంచదార కరిగిందని మళ్ళా రాయించండి. అయిపోతాది."

"పంచదార కరిగింది సావుకారూ. అదీ రాసేం. నూక కరగలేదు. అదీ రాసేం. ఇప్పుడు కరిగిందని రాయించీసి, రేపు ఏ మొహంతో సూసింది రాయండర్రా అనాల నాను?"

"ఉద్యోగం గురించి ఆలోచించుకోండి," అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఉజ్జోగం మీరిచ్చిందే, తీసీసుకోండి. సూసింది మీరిచ్చింది కాదు గదా."

అప్పుడు ప్రెసిడెంటుగారు నా వైపు తిరిగి, ఆడపిల్లవి, బుద్ధిగా ఆ కాగితం నువ్వే చింపి మీ నాన్నకిచ్చెయ్యమన్నారు. నేను మేష్టారి వైపు చూశాను. ఆయన చెప్పిన మాట నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నా వైపు సూడకమ్మా. నీ పుస్తకం నీది. సింపినా నాను కోప్పడను."

చింపను అని నేను అనలేదు. అంత ధైర్యం నాకు లేదు. పుస్తకాన్ని గుండెకి అదుముకుని నిలబడ్డాను, అంతే. మా నాన్న చెయ్యి చాచారు, మళ్ళీ తీసుకున్నారు.

నెల తిరక్కుండా మేష్టారిని తీసేశారు. సిలబస్‌లో లేనివి చెబుతున్నారని ఉత్తర్వులో రాశారు. నన్ను బడి మానిపించారు. నా ఈడు పిల్లలు అప్పటికే కాపురాలకి వెళ్ళిపోయారు కాబట్టి ఊళ్ళో ఎవరికీ అది వింతగా తోచలేదు.

వింతగా తోచింది మా అమ్మకి. ఆవిడకి చదువు రాదు. నేను బడి మానేసిన మూడోరోజు పొద్దున్న మా నాన్న కాఫీ తాగుతూ ఆగి, గ్లాసులోకి చూశారు.

"ఏటిది, అడుగున?"

"నూక," అంది అమ్మ.

"నూకెలగొచ్చింది?"

"కొట్లోంచి తెప్పించినాను పంచదార. ఊరందరూ తాగుతన్నదే. మనకేటి, కొమ్ములున్నాయా?"

మా నాన్న గ్లాసు కింద పెట్టి లేచిపోయారు. మర్నాడూ అదే కాఫీ. ఆ మర్నాడూ అదే. డబ్బాలో మంచి పంచదార ఏమైందని అడిగితే, వాకిట్లోకి వచ్చినవాళ్ళకి పంచిపెట్టేశానంది. ఆయన కాఫీ మానేశారు. అమ్మ పాయసంలో వేసింది. ఎనిమిదో రోజు మా నాన్న గోడౌన్లో నూక బస్తాలు బండెక్కించి మిల్లుకి తిప్పి పంపేశారు. ఇంట్లోకి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "గుంటని బడికెళ్ళమను," అన్నారు.

బడిలో మేష్టారు లేరు. అందుకని నేను బడికి వెళ్ళలేదు. ప్రార్థన మందిరం పక్కన ఒక తాటాకు పాక ఉండేది, అక్కడికి వెళ్ళాను. స్కూలు వాళ్ళు తనని తీసేసిన మరుసటి సోమవారమే మేష్టారు అక్కడ పాఠం మొదలుపెట్టారు. ప్రైవేటుగా పరీక్షకి కట్టేవాళ్ళు, ఫెయిలైనవాళ్ళు, అసలు ఏ బడీ చేర్చుకోనివాళ్ళు వచ్చేవారు. మేష్టారి సంసారం భార్య నర్సు పని మీదే నడిచేది. అయొడిన్ సీసా బయటికిచ్చినందుకు డిస్పెన్సరీలో ఆవిడకీ చివాట్లు పడ్డాయి. ఆ తరువాత కూడా సీసా వస్తూనే ఉండేది.

మొదటిరోజు పాకలో నేను ఏడ్చాను. "నా మూలంగా మీ ఉజ్జోగం పోయింది మేష్టారూ," అన్నాను.

"నీ మూలంగా కాదు, నూక మూలంగా. కూర్చో."

మరోసారి ఏదో తెలివిగా అనాలనిపించి, మా నాన్నది కల్తీ బతుకు అన్నాను. ఆయన నన్ను కోప్పడింది అదొక్కసారే. "ఆయన పంచదారలో కల్తీ సేసేరు. అది నువ్వు సూసేవు. బతుకంతా కల్తీ అన్నది నువ్వు అనుకున్నది. ఏ పేజీలో రాస్తన్నావో సూసుకో."

యుద్ధం అయిపోయాక స్కూలు వాళ్ళకి సైన్సు చెప్పేవాళ్ళు దొరక్క ఆయనకి కబురు పెట్టారు. పొరపాటైందని ఒక్క ముక్క రాసిస్తే చాలన్నారు. "ఏది పొరపాటో సెప్పండి, రాస్తానన్నాను. సెప్పలేదు," అని మాకు చెప్పి, బల్ల మీద సుద్దముక్క అందుకుని పాఠంలోకి వెళ్ళిపోయారు. చివరి వరకూ ఆ పాకలోనే చెప్పారు. ఎందరు పరీక్షలు పాసయ్యారో నేను లెక్కపెట్టలేదు. నేనూ పాసయ్యాను. విజయనగరంలో కాలేజీ చదువు చదివాను. ఆడపిల్లలు రసాయనశాస్త్రం చదివితే చేతులు కాల్చుకుంటారని మా బంధువులు అన్నారు. వంటింట్లో కాల్చుకోవడం లేదా అని మా అమ్మ అడిగింది.

కాలేజీలో ఉండగా ఒకసారి మేష్టారు నన్ను చూడడానికి వచ్చారు. లేబొరేటరీ చూపించాను. ఆయన జీవితంలో అలాంటి గది చూడడం అదే మొదలు. గాజు పెట్టెలో ఉన్న త్రాసు ముందు చాలాసేపు నిలబడ్డారు. బాధపడుతున్నారేమో అనుకున్నాను. ఇటు తిరిగి, "తాళం ఎవరి దగ్గరుంటాది?" అని అడిగారు. గది ఎప్పుడూ తెరిచే ఉంటుందని చెప్పాను. "అయితే మంచి కాలేజీయే," అన్నారు.

ఇదంతా తెలిసిన మనుషులు సంతాపసభలో తలలూపారు. తీర్మానం చదివాక నేను లేచాను. ఈ స్కూలు ఆయన్ని ఫలానా కారణం మీద తీసేసిందని, అది తప్పని, ఒక వాక్యం తీర్మానంలో చేర్చమన్నాను. పోయినవాళ్ళ విషయంలో పాతవి తవ్వకూడదని ప్రెసిడెంటుగారన్నారు. తవ్వింది ఆయన్ని పూడ్చడానికే కదండీ, ఆ తవ్వకం అయిపోయింది, ఇది రాయడం, అన్నాను. చేర్చలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న ఆ సభలో చివరి వరసలో కూర్చున్నారు. సమాధి నాడు కూడా వచ్చారు కానీ లోపలికి రాలేదు, కంచె బయట తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. సభ నుంచి ఇద్దరం నడిచి వస్తుంటే అడిగారు.

"పత్రిక్కి రాస్తావా?"

"రాస్తాను."

"నా కొట్టని రాస్తావా?"

"రాస్తాను నాన్నా."

కొంతదూరం నడిచారు. "ఎవరి కొట్టో రాయొద్దన్నారట గదే ఆయన."

"అప్పటికి సూడలేదు గదా నాన్నా. ఇంటికొచ్చాక సూసేను."

ఆయన ఇంటి మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, "అయితే నూక బస్తాలు తిప్పి పంపీసేనని కూడా రాయి," అన్నారు. రాశాను. అది కూడా నేను చూసిందే.

ఆ తరువాతి ఆదివారం సమాధి కట్టించడానికి మేష్టారి భార్యా, మా అమ్మా, నేనూ వెళ్ళాం. పాకలో చదివిన పిల్లలు పదిమంది దాకా వచ్చారు. తాపీ పనివాడు సున్నానికని నేలలో గొయ్యి తీసి, కాల్చిన సున్నపురాళ్ళు అందులో గుమ్మరించి, నాలుగు కుండల నీళ్ళు పోశాడు. మొదట ఏమీ కాలేదు. తరువాత ఒక రాయి టప్పున పెట్లింది. ఇంకోటి పెట్లింది. అడుగు నుంచి బుసబుసమంటూ తెల్లటి ఆవిరి లేచింది. చిన్నపిల్ల ఒకతె చెయ్యి ముందుకు చాపి, "నిప్పు లేకుండా ఎలగ ఉడుకుతన్నాది?" అంది. మేష్టారి భార్య ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "సూడు. ముట్టుకోకు, కాలుతాది," అంది. సెగ మొహాలకి కొడుతుంటే పెద్దవాళ్ళందరం రెండడుగులు వెనక్కి వేశాం. పిల్లలు మాత్రం కదల్లేదు. పనివాడు పార పక్కన పెట్టి అన్నానికి వెళ్ళిపోయాడు. గోతిలో సున్నం ఉడుకుతూనే ఉంది.